గాలి ముందు, డీజిల్ తర్వాత

మా గురించి రాసేవాళ్ళు పొలం గురించి రాశారు, డప్పు గురించి రాశారు, చెప్పు గురించి రాశారు. రాయాల్సిందే. అవన్నీ మావే. కాని పోర్టు పక్క పేటలో పుట్టిన మాలపిల్లోడి చేతికి డప్పు కంటే ముందు స్పానర్ అందింది. ఆ స్పానర్ గురించి ఎవరూ రాయలేదు. నలభై ఏళ్ళ పైనుంచి ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. అందులో పాతికేళ్ళకి పైగా టర్బో బళ్ళే. కంపెనీ నుంచి వచ్చిన కారుని పెద్దగా మార్చకుండా, ఉన్నదాంతోనే ఇంకొంచెం లాగేటట్టు చెయ్యడం నా పని. చదువుకున్నవాళ్ళు దీన్ని ట్యూనింగ్ అంటారు. మా గాజువాక ఆటోనగర్లో సెట్టింగ్ అంటాం. ఆ సెట్టింగ్ గురించి, అది చేసే చేతుల గురించి చెప్తాను.

మాది జ్ఞానాపురం. మా అయ్య శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చి పోర్టులో కలాసీగా కుదిరాడు. 1933లో తెరిచిన ఈ పోర్టు మొదట మాంగనీసుకి, తర్వాత ఇనప ఖనిజానికి, బొగ్గుకి దారి అయింది. ఓడల్లోకి ఎక్కే ఎర్రదుమ్ము, ఓడల్లోంచి దిగే నల్లదుమ్ము ముందు మా ఇళ్ళ మీద వాలేవి, ఆ తర్వాతే ఊళ్ళోకి పోయేవి. పొద్దున ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి ఏ రంగు తిరిగిందో చూసి రేవులో ఏ సరుకు ఆడిందో చెప్పేసేవాళ్ళం.

అమ్మ రైలుపట్టాల పక్కన రాలిన బొగ్గు ఏరి టీ బడ్డీలకి అమ్మేది. మిగిలిన పొడి బొగ్గు మా కుంపటికి. కుంపటి రాజెయ్యడం నా పని. తొందరపడి బొగ్గు మీద బొగ్గు పోసేవాణ్ణి. ఇల్లంతా పొగ. అమ్మ దగ్గుతూ వచ్చి నా చేతిలో చేట లాక్కుని విసనకర్ర పెట్టేది.

"ముందు గాలి తగల్నీరా గుంటడా. గాలి నేకుండా బొగ్గు పోస్తే పొగొస్తాది గానీ మంటొస్తాదేటి?"

అక్షరం ముక్క రాని అమ్మ చెప్పిన ఈ మాట మీదే టర్బో ఇంజన్ మొత్తం నిలబడి ఉందని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

1983లో, ఎనిమిదో తరగతి మధ్యలో, నన్ను కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక లారీ షెడ్డులో పెట్టారు. జీతం లేదు, పని నేర్చుకోవడమే. బళ్ళకింద దూరి గ్రీజు తుడవడం, నట్లు డీజిల్లో కడగడం, టీ తేవడం. టీ నేనే తెచ్చేవాణ్ణి, కాని నాకు గ్లాసు ఉండేది కాదు. "నీ చేతులు గ్రీజురా, ఆ డబ్బా మూతలో పోసుకో" అనేవాళ్ళు. గ్రీజు అందరి చేతులకీ ఉండేది. డబ్బా మూత నాకొక్కడికే ఉండేది.

ఆ షెడ్డులో పంపుపని చేసే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. ఉస్తాద్ అనేవాళ్ళం. డీజిల్ పంపు విప్పడం అంటే ఆ రోజుల్లో గర్భగుడిలోకి పోవడంతో సమానం. దుమ్ము పడకూడదని మూలన చిన్న గది, దానికి తలుపు. షెడ్డు యజమాని నన్ను అందులోకి పోనిచ్చేవాడు కాదు. దుమ్ము పేరు చెప్పేవాడు. ఉస్తాద్ ఒకరోజు నా చేతులు పట్టి చూసి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కోమని, లోపలికి పిలిచి తలుపేసేశాడు. యజమాని బయటినుంచి ఏదో అన్నాడు. ఉస్తాద్ "దుమ్ముకి కడుక్కున్నాడు సేఠ్, ఇంకేటి కడుక్కోవాలి?" అన్నాడు. అలా మొదలైంది నా చదువు.

1985లో కారంచేడు జరిగింది. నాకప్పుడు పదహారేళ్ళు. షెడ్డులో పేపరు పైకి చదివారు. చదివినాయన సగంలో నా వైపు చూసి ఆపేసి సినిమా పేజీ తిప్పాడు. ఆ తర్వాత దళిత మహాసభ పుట్టింది, మా పేటలోకి మాటలు రావడం మొదలైంది. మీటింగుల్లో పెద్దవాళ్ళు ఒక ప్రశ్న పదే పదే వేసేవారు. ఈ కట్టుబాటు ఎవడు పెట్టాడు, దీనివల్ల ఎవడికి లాభం? ఆ ప్రశ్న నేను ఇంటికి తీసుకుపోయాను. మర్నాడు షెడ్డుకి కూడా తీసుకుపోయాను. పంపు మీద, ఇంజన్ మీద కంపెనీ పెట్టిన ప్రతి కట్టుబాటునీ అదే అడగడం మొదలెట్టాను.

టర్బో అంటే ఏటో ముందు చెప్పాలి. ఇంజన్‌లోంచి బయటికి పోయే పొగలో ఇంకా వేడి ఉంటుంది, తోపు ఉంటుంది. మామూలు ఇంజన్ దాన్ని సైలెన్సర్‌లోంచి పారబోస్తుంది. టర్బో ఆ పొగదారిలో ఒక చిన్న చక్రం పెడుతుంది. పొగ తోపుకి అది తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి కూరుతుంది. గాలి ఎక్కువ పోయింది గనక డీజిల్ కూడా ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో ఆల్ఫ్రెడ్ బ్యూషి అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

మన స్టీల్‌ప్లాంటులోనూ ఇదే సూత్రం ఉంది. 1990లో గోదావరి, 1992లో కృష్ణ అని రెండు బ్లాస్ట్ ఫర్నేసులు మొదలెట్టారు. కొలిమి కిందనుంచి పెద్ద బ్లోయర్లు గాలి ఊదుతాయి. కొలిమి నెత్తినుంచి వచ్చే గ్యాసు ఒత్తిడిని ఊరికే వదిలెయ్యకుండా టర్బైన్ తిప్పి కరెంటు తీసేందుకు 12 మెగావాట్లవి రెండు పెట్టారు. అక్కడ కాంట్రాక్టు పనికి పోయిన మా పేట కుర్రాడు వచ్చి చెప్తుంటే నాకు వెంటనే అర్థమైపోయింది. పారేసేదాంట్లో బలం ఉందని ఊరవతలికి నెట్టబడ్డవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

1998లో టాటా సఫారీ వచ్చింది. 1948 సీసీ డీజిల్ ఇంజన్, దానికి టర్బో, ఇంటర్‌కూలర్ రెండూ కంపెనీవే. బండి చూస్తే ఏనుగంత, బరువు దాదాపు రెండు టన్నులు. విశాఖలో కాంట్రాక్టర్లు, బిల్డర్లు ఎగబడి కొన్నారు. కొన్న ఆర్నెల్లకి అందరిదీ ఒకటే గోల. లాగట్లేదు. అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే చతికిలబడుతోంది. అప్పటికి ఉస్తాద్ పోయాడు. నేను ఆటోనగర్లో వేరే షెడ్డులో పంపు మేస్త్రీని. బళ్ళు నా దగ్గరికే రావడం మొదలైంది.

ఒక కాంట్రాక్టరు బండి తెచ్చాడు. "మేస్త్రీ, పంపు తిప్పెయ్. వెనకాలొచ్చే బండోడికి నా పొగలో దారి కనపడకూడదు" అన్నాడు. ఆ రోజుల్లో నల్లపొగ అంటే బలం అనుకునేవాళ్ళు. ఇప్పుడూ అనుకునేవాళ్ళున్నారు. నల్లపొగ బలం కాదు. కాలని డీజిల్. అమ్మ కుంపట్లోంచి వచ్చిన పొగా, సఫారీ వెనకనుంచి వచ్చే పొగా ఒకటే. గాలి చాలకుండా తిండి పెట్టడం. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. నిజానికి పొగ రాకుండా ఉండాలంటే అంతకంటే బాగా ఎక్కువే కావాలి. ఆ పొగ గాజువాక నుంచి జ్ఞానాపురం దాకా ఎవరి గుమ్మాల్లో దిగుతుందో నాకు తెలుసు. పోర్టు దుమ్ము మీద ఇది ఇంకో పొర. కాబట్టి బండి లాగేటట్టు చేస్తాను, పొగ మాత్రం పెట్టనన్నాను. "లాగితే చాలు" అన్నాడు.

ఇక్కడ కుర్రాళ్ళకి పనికొచ్చే సంగతి చెప్తాను. సెట్టింగ్‌లో మొదటి పని మార్చడం కాదు. ఉన్నది బాగుచెయ్యడం. ఆ సఫారీ ఎయిర్ ఫిల్టర్ విప్పితే పిడికెడు దుమ్ము రాలింది. టర్బోనుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు గొట్టం మడత దగ్గర చీలి ఉంది. సబ్బునీళ్ళు రాసి గాలి పట్టిస్తే బుడగలు కక్కింది. నొక్కిన గాలి సగం దారిలోనే కారిపోతుంటే ఇంజన్‌కి ఏం అందుతుంది? ఇంటర్‌కూలర్ రెక్కల నిండా మట్టి. టర్బో నొక్కితే గాలి వేడెక్కి వంద డిగ్రీలు దాటిపోతుంది, వేడిగాలి పలచన. దాన్ని చల్లార్చి చిక్కన చెయ్యడానికే ఇంటర్‌కూలర్. దానికి మట్టి పడితే టర్బో పడిన కష్టం వృథా. ఇంజెక్టర్లు దించి బెంచి మీద చూస్తే ఒకటి మంచులా చల్లట్లేదు, చుక్కలు కారుస్తోంది. ఇవన్నీ సరిచేసి రోడ్డెక్కిస్తే సగం జబ్బు పోయింది. ఇంకా పంపు ముట్టుకోలేదు.

తర్వాత గాలిదారి. వేడి ఇంజన్ పక్కనుంచి కాకుండా ముందు జాలీలోంచి చల్లగాలి తీసుకునేటట్టు గొట్టం తిప్పాను. టర్బో తర్వాత ఉన్న సైలెన్సర్ గొట్టం తుప్పుపట్టి లోపల మూసుకుపోయింది. కొంచెం లావు గొట్టం, వంపులు తక్కువ పెట్టి కొత్తది వేశాను. పొగ సులువుగా పోతే చక్రం తొందరగా తిరుగుతుంది. తర్వాత బూస్టు. టర్బో ఒత్తిడి మరీ పెరిగితే పొగని చక్రానికి తగలకుండా పక్కదారి పట్టించే చిన్న తలుపు ఉంటుంది, వేస్ట్‌గేట్. దాని కడ్డీకి మర ఉంటుంది. కొద్దిగా బిగిస్తే తలుపు కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది. మీటరు తగిలించి, ఒక బారులో పదో వంతు పెంచి ఆగాను. అప్పుడు గాని పంపు మీదున్న సీలు తెంపలేదు. స్క్రూ ఎనిమిదో వంతు చుట్టు. రోడ్డు మీద చూడటం. మళ్ళీ ఎనిమిదో వంతు. వెనక సన్నటి పొగ తొంగిచూసిన చోట ఆగి, అక్కణ్ణించి వెనక్కి తిప్పి బిగించడం.

అనంతగిరి ఘాటు మీద అంతకుముందు రెండో గేరులో మూలిగిన మలుపుని మూడో గేరులో ఎక్కింది. పొగ లేదు, నీళ్ళ వేడి పెరగలేదు. ఇంకో చుట్టు తిప్పొచ్చు గదా అని డ్రైవరు అడిగాడు. తిప్పొచ్చు. కాని పొగవేడి ఏడెనిమిది వందల డిగ్రీలు దాటి అలాగే నిలబడితే ముందు టర్బో పోతుంది, తర్వాత పిస్టన్ నెత్తి కరుగుతుంది. క్లచ్ జారడం మొదలెడుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. ఎక్కడానికి బలం పెంచి దిగడానికి పెంచకపోతే ఘాటు ఊరుకోదు. అందుకే బ్రేకు లైనింగులు కూడా మార్చాను. టర్బో ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఘాటు దిగీ దిగగానే బండి ఆపేస్తే నూనె రావడం ఆగిపోతుంది, వేడి మాత్రం ఉండిపోతుంది, ఆ నూనె మాడి బొగ్గు కడుతుంది. రెండు నిమిషాలు ఇంజన్ ఊరికే ఆడనిచ్చి ఆపమని డ్రైవరుకి మూడుసార్లు చెప్పాను.

పంపు మీద సీలు ఎందుకు వేశారని నేను చాలాకాలం ఆలోచించాను. కల్తీ డీజిల్ పోసేవాడుంటాడు, అధిక బరువు వేసేవాడుంటాడు, మే నెల ఎండ ఉంటుంది, పొగ చట్టం ఉంటుంది, వారంటీ ఉంటుంది. అన్నిటికీ చాలేటట్టు కంపెనీ ఒక గీత గీస్తుంది. ఆ గీతలో కొంత జాగ్రత్త, కొంత వ్యాపారం. జాగ్రత్త ఎంతవరకో తెలుసుకుని దాన్ని దాటకుండా మిగతాది వాడుకోవడమే మా పనితనం. పొగ గీత మా పిల్లల ఊపిరితిత్తుల్ని కాపాడుతుంది. వేడి గీత పిస్టన్ని కాపాడుతుంది. అడిగితే ఈ గీతలన్నీ జవాబు చెప్తాయి. మరి డబ్బా మూత గీత దేన్ని కాపాడింది? పంపు గది గుమ్మం గీత దేన్ని కాపాడింది? మనువు గీసిన గీతని ఎన్ని రకాలుగా అడిగినా దాంట్లో జాగ్రత్త ఏదీ దొరకలేదు. గీసినవాడి కుర్చీ ఒక్కటే దొరికింది.

కాంట్రాక్టరు బండి నడిపి చూసుకుని పొంగిపోయాడు. వంద రూపాయల బక్షీసు తీశాడు. "నీ చేతిలో ఏదో ఉంది మేస్త్రీ. ఏ ఊరు? ఇంటిపేరేటి?" అన్నాడు. చెప్పాను. దాచడం నాకు అలవాటు లేదు. ముఖంలో ఏదో మడత పడింది. "మీవోళ్ళకి ఈ పని ఎలా అబ్బిందిరా?" అన్నాడు. ఒక్క వాక్యంలో మేస్త్రీ కాస్తా 'రా' అయిపోయాడు. నేను పదహారేళ్ళు పంపు బెంచి ముందు నిలబడి నేర్చిన పని వాడికి నా చేతిలో 'ఏదో ఉండటం' అయింది, అదృష్టం అయింది. మా వాళ్ళు చేస్తే పని విద్య కాదు, అబ్బడం. వారం తర్వాత డ్రైవరు చెప్పాడు. బండి ఇంటికి పోగానే స్టీరింగుకి, సీటుకి పసుపునీళ్ళు చల్లించారట. నేను నడిపాను గదా మరి. ఇంజన్ మాత్రం విప్పి కడిగించుకోలేదు. నా చెయ్యి పడిన పిస్టన్ల మీదే ఘాటు ఎక్కాడు.

ఆ రోజునుంచి రెండు పనులు మొదలెట్టాను. ఒకటి, పొడుగు నోటుబుక్కు. ప్రతి బండికీ ఒక పేజీ. వచ్చినప్పుడు బూస్టు ఎంత, ఇంజెక్టర్ ఒత్తిడి ఎంత, పంపు స్క్రూ ఎన్ని మరలు బయట ఉంది, ఏం మార్చాను, పోయేటప్పుడు ఎంత. అదృష్టానికి లెక్కలుండవు, విద్యకి ఉంటాయి. రెండు, బిల్లు. సామాను వేరు, మజూరీ వేరు, 'సెట్టింగ్ చార్జి' వేరు. బక్షీసు తీసుకోవడం మానేశాను. షెడ్డు యజమాని నవ్వాడు, మెకానిక్కి బిల్లేంటన్నాడు. 2003లో సొంత షెడ్డు పెట్టుకుందామని తిరిగితే ఒకచోట అడ్వాన్సు తీసుకుని ఇంటిపేరు తెలిశాక వెనక్కి ఇచ్చేశారు. ఇంకోచోట దొరికింది. ఆర్నెల్లకి అదే కాంట్రాక్టరు కొత్త బండితో వచ్చాడు, చుట్టుపక్కల ఎవరికీ అది లొంగలేదట. కుర్చీ వేశాను, పని చేశాను, బిల్లు ఇచ్చాను. పైసలతో సహా కట్టాడు. మేస్త్రీ అనలేదు, 'రా' అనలేదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడి వెళ్ళిపోయాడు.

2007లో స్విఫ్ట్ డీజిల్ వచ్చాక కథ మారింది. అదే 1.3 లీటర్ల ఫియట్ ఇంజన్ తర్వాత టాటా కార్లలో కూడా వచ్చింది. చిన్న టర్బో, చక్కటి ఇంజన్. కాని దానికి తిప్పడానికి స్క్రూ లేదు. ఎంత డీజిల్, ఎప్పుడు, ఎంత బూస్టు అన్నీ ఒక పెట్టెలో అంకెలుగా ఉంటాయి. లాప్‌టాప్ తగిలించి ఆ ఫైలు మార్చాలి. రీమ్యాప్ అంటారు. బాగున్న టర్బో డీజిల్ బండికి దీంతో పదిహేను నుంచి పాతిక శాతం దాకా బలం పెరుగుతుంది. సూత్రం మారలేదు. గాలి ముందు, డీజిల్ తర్వాత. చీలిన గొట్టం మీద రీమ్యాప్ చేసినా వచ్చేది పొగే. కాని సీలు తెంపడానికి ఒక కటింగ్ ప్లేయర్ చాలేది. ఫైలు తెరవడానికి లక్షల ఖరీదు సాధనం, ఇంగ్లీషు, లెక్కలు కావాలి. పంపు గది తలుపు మళ్ళీ మూసుకుంది. ఈసారి లోపలినుంచి పిలవడానికి ఉస్తాద్ లేడు.

నలభై ఏళ్ళు దాటాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మా అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతూ పక్కన కూర్చుని గ్రాఫులు చదివి చెప్పేది. నేను ఆ గ్రాఫు దగ్గర బండి ఎలా మూలుగుతుందో చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు అయింది. ఇప్పుడు బీఎస్-6 బళ్ళు, 2020 ఏప్రిల్ నుంచి. డీజిల్ బళ్ళకి పొగ మసి పట్టే ఫిల్టర్లు వచ్చాయి. వాటిని పీకేసి బలం పెంచమని అడిగేవాళ్ళున్నారు. నేను పీకను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అందుకే ఇప్పుడు నా దగ్గరికొచ్చే బళ్ళలో చాలావాటికి బాగుచేసి, గాలిదారి శుభ్రంచేసి పంపడమే నా సెట్టింగ్. అది చాలుతుంది కూడా.

ఇది చదివే విద్యార్థి మిత్రులకి ఒక మాట. మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళుంటారు. మా షెడ్డులో పేట కుర్రాళ్ళు నలుగురున్నారు. ఇంజన్ శబ్దం విని ఏ ఇంజెక్టర్ కారుతుందో చెప్పగలరు, కాని ఫైలు తెరవలేరు. మీరు ఫైలు తెరవగలరు, శబ్దం వినలేరు. అంబేడ్కర్ కులాన్ని పనివాళ్ళని విడదీసే వ్యవస్థగా చూశాడు. ఆ విడదీత ఇప్పుడు మనలోనే చదువుకున్నవాడు, చదువుకోనివాడు అని ఇంకో గీత అవుతోంది. సెలవుల్లో రండి. నోటుబుక్కులు ఇప్పటికి పదకొండయ్యాయి. వాటిని అంకెల్లోకి ఎక్కించాలి, కుర్రాళ్ళకి లాప్‌టాప్ నేర్పాలి. బదులుగా వాళ్ళు మీకు చెవి పెట్టడం నేర్పుతారు. ఎక్కువ రోజులక్కర్లేదు, ఒక నెల చాలు. ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉంటుంది.